వేలిముద్ర మనది, సొమ్ము వాడిది - పేరు దొంగలకు ఉన్న చట్టం చాలుతుందా?

సంతకం రాని వారికి నిశానీయే సంతకం. ఇచ్ఛాపురం నుండి కొత్తవలస దాకా ఏ సబ్-రిజిస్ట్రారు కచేరీ మెట్లెక్కినా ఎడమచేతి బొటనవేలికి నల్లసిరా పూసుకొన్న రైతులు కనిపిస్తారు. సంతకాన్ని ఎవడైనా దొంగిలించవచ్చు గాని వేలిముద్రను దొంగిలించలేడని మన తాతలు నమ్మారు. ఆ నమ్మకం మీదే భూములు చేతులు మారాయి, అప్పులు పుట్టాయి, పింఛన్లు అందాయి. ఇప్పుడు వేలిముద్రను కూడ దొంగిలిస్తున్నారు. పోయిన వేలికి బదులు వేరే వేలు మొలవదు గదా, పోగొట్టుకొన్న వాడు ఏ చట్టం గుమ్మం తొక్కాలి?

ఈ ప్రశ్నకు సమాధానం వెతకబోతే తేలిన సంగతి ఒకటే. దొంగకు శిక్ష వేయటానికి సెక్షన్లు చాలానే ఉన్నాయి. పేరు పోయిన వాడిని ఆదుకొనేవి మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

హుగ్లీలో పుట్టిన పద్ధతి

వేలిముద్ర ఆనవాయితీ పుట్టింది మన దేశంలోనే. 1858లో బెంగాలులో విలియం హెర్షెల్ అనే తెల్లదొర రోడ్డుకు కంకర సరఫరా చేసే రాజ్యధర్ కోనాయి అనే కాంట్రాక్టరు చేత ఒప్పంద పత్రం మీద అరచేతి ముద్ర వేయించుకొన్నాడు. 1877లో అదే దొర హుగ్లీ మేజిస్ట్రేటుగా ఉండగా రిజిస్ట్రేషన్ దస్తావేజులకు, పింఛన్లకు వేలిముద్ర పెట్టించాడు. చనిపోయిన పింఛనుదారు పేరున మరొకడు వచ్చి డబ్బు పట్టుకుపోకూడదన్నది అందులోని ఉద్దేశం. 1897లో కలకత్తాలో ప్రపంచంలోనే మొదటి వేలిముద్రల కార్యాలయం వెలిసింది.

అంటే ఒకడి పేరు మరొకడు వాడుకోకుండా ఆపటానికే వేలిముద్రను కనిపెట్టారు. నూట నలభై ఏళ్ళు గడిచేసరికి ఆ ముద్రే దొంగ చేతికి తాళంచెవి అయింది.

రబ్బరు స్టాంపు చేసినంత తేలిక

2018 జూన్‌లో హైదరాబాదు ఎస్.ఆర్.నగర్ పోలీసులు ఒక సిమ్‌కార్డుల వ్యాపారిని పట్టుకొన్నారు. పెద్దపల్లి జిల్లా ధర్మారంలో దుకాణం. కంపెనీ ఇచ్చిన అమ్మకాల లక్ష్యం చేరుకోవటానికి అతడు తెలంగాణా రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోకి వెళ్ళి, ఎవరెవరివో భూముల దస్తావేజులు దింపుకొన్నాడు. వాటి మీద వేలిముద్రలున్నాయి, ఆధార్ నంబర్లున్నాయి. రబ్బరు స్టాంపులు తయారుచేసే యంత్రంతో ఆ ముద్రలకు అచ్చులు పోశాడు. వాటితో వేల సంఖ్యలో సిమ్‌లు చేతనం చేశాడు. పొలం అమ్ముకొన్న రైతుకు తన పేరున ఎక్కడో ఫోను మోగుతోందని తెలిసే దారి లేదు.

నాలుగేళ్ళ తరువాత, 2022లో సైబరాబాదు పోలీసులకు మరో ముఠా చిక్కింది. ఈసారి ముద్రలు దింపుకొన్నది మన ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుండి. సిమ్‌లతో సరిపెట్టుకోలేదు, బ్యాంకు ఖాతాలే ఖాళీ చేశారు.

ఇందులో ఒక చిత్రం ఉంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షను ప్రకారం భూమి దస్తావేజుల నకలు ఎవరైనా రుసుము కట్టి తీసుకోవచ్చు. కొనే వాడు మోసపోకూడదని పెట్టిన మంచి నియమమిది. 1908లో పక్కవాడి వేలిముద్ర నకలు దొరికినా ఎవడూ ఏమీ చేసుకోలేడు. ఇప్పుడు ఆ నకలుతో ఖాతాలో సొమ్ము తీయవచ్చు. కాలం మారింది, కాగితాన్ని బహిరంగంగా పరిచే పద్ధతి మాత్రం చాలాకాలం మారలేదు. అమ్మకం వివరాలు అందరూ చూడవలసినవే. వేలిముద్ర, ఆధార్ నంబరు ఎవరికీ చూపనక్కరలేదు. ఈ రెండింటినీ కప్పిపెట్టడానికి ఎవడో దొంగతనం చేసేదాకా ఎందుకు ఆగాలి?

"పడ్నేదప్పా, మరోపాలి ఎట్టు"

ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర - ఈ మూడూ ఉంటే ఆధార్ చెల్లింపుల పద్ధతిలో పల్లెలోనే డబ్బు తీసుకోవచ్చు. పాస్‌పుస్తకం అక్కరలేదు, ఫోనుకు వచ్చే ఓటీపీ అక్కరలేదు. బస్సెక్కి బ్యాంకు ఉన్న ఊరు పోనక్కరలేకుండా చేసిన ఈ సదుపాయం సీతంపేట, పాచిపెంట వంటి కొండప్రాంతాల వారికి ఎంత మేలో చెప్పనక్కరలేదు. దానిని తీసివేయాలని ఎవరూ అనరు. అయితే ఓటీపీ లేని తలుపుకు వేలు ఒక్కటే గడియ. ఆ వేలికి నకలు తయారయితే ఇక అడ్డేమిటి?

నకలు వేలు చేసేంత శ్రమ లేని మోసం ఇంకొకటి ఉంది. ముసలమ్మ వెయ్యి రూపాయలు తీసుకొందామని వస్తుంది. యంత్రం మీద వేలు పెడుతుంది. "పడ్నేదప్పా, మరోపాలి ఎట్టు" అంటాడు యంత్రం పట్టుకొన్న వాడు. మళ్ళీ పెడుతుంది. రెండుసార్లూ పడ్డాయి. వెయ్యి ఆమె చేతికి, వెయ్యి అతడి జేబుకు. సొమ్మొకడిది, సోకొకడిది. బ్యాంకు మిత్రలందరూ ఇలాంటి వారని కాదు. ఎండలో, వానలో ఊరూరా తిరిగి నిజాయితీగా డబ్బు అందించే వారే ఎక్కువ. కాని వేలు నిజంగా పడలేదో, పడిందని చెప్పలేదో చదువు రాని మనిషి తెలుసుకొనే సాధనం చీటీ ఒక్కటే. పడలేదన్నా సరే, 'విఫలం' అని వచ్చిన చీటీ అడిగి పుచ్చుకోవాలి.

మరో విడ్డూరం చూడండి. పలాస-కాశీబుగ్గల్లో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళున్నారు. పిక్క తొక్కలోని చమురు చర్మాన్ని కాలుస్తుంది. గోగునార తీసే వారికి, రాళ్ళు కొట్టే వారికి, ముసలివారికి వేలిగీతలు అరిగిపోతాయి. అరిగిన వేలును యంత్రం గుర్తుపట్టదు. సొంత ఖాతాలోని సొంత డబ్బుకు అసలు మనిషి వేలు చాలదు. దస్తావేజు మీద పదేళ్ళ కిందట స్పష్టంగా పడిన ముద్రకు అచ్చుపోసిన జిగురు వేలు చాలుతుంది! ప్రాణం ఉన్న వేలా, కాదా అని కనిపెట్టే ఏర్పాటును ఆధార్ సంస్థ 2023 ఫిబ్రవరిలో ప్రకటించింది. దాంతో దొంగల పని కొంత కష్టమయింది. గీతలు అరిగిన వారి కష్టం మాత్రం అలాగే ఉంది.

1860 నుండి 2024 దాకా

ఒకడు మరొకడినని చెప్పుకోవటం కొత్త నేరం కాదు. ఎన్నికలనాడు దొంగ ఓటు అంటే ఏమిటో మన పల్లెల్లో పిల్లవాడికి కూడ తెలుసు. 1860 శిక్షాస్మృతి 416వ సెక్షను మారుపేరుతో చేసే మోసాన్ని నేరమన్నది. వాడుకొన్న పేరు నిజమైన మనిషిది కావచ్చు, కల్పితం కావచ్చు, చచ్చిపోయిన వాడిది కావచ్చు - అన్నీ నేరమేనని అప్పుడే రాశారు. 419వ సెక్షను కింద శిక్ష మూడేళ్ళు. రిజిస్ట్రారు ఎదుట మరొకడినని నిలబడితే 1908 చట్టం 82వ సెక్షను కింద ఏడేళ్ళ దాకా జైలు. భూమి విషయంలో తెల్లవాడు గట్టిగానే ఉన్నాడు. 2001లో 32ఎ సెక్షను చేర్చి ఫోటోలు, వేలిముద్రలు తప్పనిసరి చేశారు.

కంప్యూటర్ల కాలం వచ్చాక 2006లో పార్లమెంటులో ఒక బిల్లు పెట్టారు. శిక్షాస్మృతిలోనే 417ఎ అనే కొత్త సెక్షను చేర్చి, గుర్తింపు దొంగతనాన్ని విడి నేరం చేద్దామన్నది అందులోని ఆలోచన. బిల్లు చట్టమయ్యేసరికి ఆ సెక్షను శిక్షాస్మృతిలో లేదు. సమాచార సాంకేతిక చట్టంలో 66సి అయి కూర్చుంది. 2009 అక్టోబరు 27 నుండి అమలులోకి వచ్చింది. ఇతరుల ఎలక్ట్రానిక్ సంతకం, పాస్‌వర్డు, మరే విశిష్ట గుర్తింపు చిహ్నమైనా మోసపూరితంగా వాడితే మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జుల్మానా. పక్కనే 66డి - కంప్యూటరు సాయంతో మారుపేరు మోసం - అదీ అంతే.

2024 జూలై 1 నుండి పాత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 419 పోయి 319 వచ్చింది, మూడేళ్ళు ఐదేళ్ళయింది. ముఠా కట్టి చేసే సైబర్ నేరాలు 111వ సెక్షనులోని వ్యవస్థీకృత నేరాల కిందికి వచ్చాయి. ఇవి మంచి మార్పులే. అయితే గుర్తింపు దొంగతనానికి ప్రత్యేక సెక్షను ఈ కొత్త సంహితలోనూ లేదు. 2006లో చేజారిన అవకాశం 2023లో మళ్ళీ చేతికి వచ్చి మళ్ళీ జారిపోయింది.

సెక్షను ఏ పుస్తకంలో ఉంటేనేమి అనుకోకూడదు. 66సి ఉన్నది కంప్యూటర్ల చట్టంలో. మీ ఆధార్ జిరాక్సు కాగితంతో ఎవడో ఫైనాన్సులో అప్పు తీశాడనుకోండి. అది కంప్యూటరు నేరమా, కాగితం నేరమా అన్న దగ్గరే ప్లీడర్ల వాదన మొదలవుతుంది. 2016లో శరత్‌బాబు దిగుమర్తి కేసులో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. ఆ కేసు అశ్లీలానికి సంబంధించినది. ఎలక్ట్రానిక్ నేరానికి ప్రత్యేక చట్టం ఉన్నప్పుడు మామూలు శిక్షాస్మృతి వర్తించదన్నది దాని సారాంశం. అప్పటి నుండి సైబర్ కేసుల్లో ముద్దాయిలు ఆ తీర్పునే అడ్డం పెడుతున్నారు. వారి లెక్క తేలికే. ఏడేళ్ళ మోసం సెక్షను తప్పిపోతే మిగిలేది మూడేళ్ళ కేసు, అందులో బెయిలు హక్కు.

ఎస్సై గారు రాయలేని కేసు

మన పల్లెలకు దగ్గరగా ఉండే పోలీసు అధికారి ఎస్సై. సమాచార సాంకేతిక చట్టం 78వ సెక్షను ప్రకారం ఆ నేరాలను దర్యాప్తు చేయవలసింది ఇన్‌స్పెక్టరు స్థాయి అధికారి. 2008 సవరణకు ముందు డీఎస్పీ కావలసి వచ్చేది. ఒక మెట్టు దిగింది గాని ఊరి ఠాణా దాకా రాలేదు. మందస కొండవాలు గ్రామం మనిషి ఖాతాలో రెండువేలు పోతే ఇన్‌స్పెక్టరు దర్యాప్తు దాకా కేసు నడిచేది ఎంతమంది విషయంలో? కూలి మానుకొని రెండుసార్లు తిరిగేసరికి పోయిన సొమ్ములో సగం ఖర్చవుతుంది.

దీనికి తోడు కొత్తగా వచ్చిన నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షనులో ఒక మెలిక ఉంది. మూడేళ్ళకు తగ్గకుండా, ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో పద్నాలుగు రోజుల ప్రాథమిక విచారణ జరిపి ఆ తరువాత కేసు కట్టవచ్చు. మూడేళ్ళ 66సి, ఐదేళ్ళ 319 రెండూ ఆ కొలతలోనే పడతాయి. కక్షలతో పెట్టే దొంగ ఫిర్యాదులను వడకట్టటానికి ఇది పనికిరావచ్చు. గంటల్లో నాలుగు రాష్ట్రాలు దాటిపోయే సొమ్ము విషయంలో పద్నాలుగు రోజులంటే ఎద్దు పారిపోయాక కొట్టానికి తడిక కట్టడమే.

అదే సెక్షను మేలు కూడ చేసింది, అది చెప్పకపోతే అన్యాయం. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఫోను ద్వారా పంపినా తీసుకోవాలి, మూడు రోజుల్లో వెళ్ళి సంతకం పెడితే చాలు. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి. తీసుకోనంటే ఎస్పీకి పోస్టులో పంపవచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు ఉన్నారు.

నష్టపోయిందెవరు?

అసలు చిక్కు ఇక్కడ ఉంది. మీ పేరు చెప్పి ఒకడు బ్యాంకులో అప్పు తీసుకొన్నాడు. చట్టం దృష్టిలో మోసపోయింది బ్యాంకు. మీరు? బ్యాంకు లెక్కల్లో మీరు బాకీదారు. ఆ అప్పు మీది కాదని నిరూపించవలసిన భారం మీ నెత్తి మీదే పడుతుంది. దొంగ దొరికి, కేసు నడిచి, శిక్ష పడినా మీ పేరు కడగటానికి విడిగా తిరగాలి. రేపు సంఘంలో డ్వాక్రా రుణం కోసం వెళ్ళిన ఇల్లాలికి 'మీ పేరున పాత బాకీ ఉంది' అన్న మాట ఎదురవుతుంది.

అమెరికాలోనూ ఒకప్పుడు ఇలాగే ఉండేది. నష్టపోయింది బ్యాంకే గాని పేరు గల మనిషి కాదనేవారు. 1998లో గుర్తింపు దొంగతనాన్ని విడి నేరం చేస్తూ చట్టం తెచ్చి, పేరు పోయిన మనిషినే బాధితుడిగా లెక్కించారు. ఫిర్యాదులు పుచ్చుకొని సాయం చేసే బాధ్యతను ఒక ప్రభుత్వ సంస్థకు అప్పగించారు. మన దగ్గర కొంత జరగకపోలేదు. పరపతి లెక్కల్లో తప్పును సరిచేయమని అడిగిన ముప్ఫై రోజుల్లో సరిచేయకపోతే రోజుకు వంద రూపాయలు పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ఉత్తర్వు చేసింది. ఈ సంగతి ఎన్ని ఊళ్ళకు చేరింది?

ఆధార్ చట్టం కథ ఇంకా చిత్రం. 2016లో చేసిన ఆ చట్టం కింద ఆధార్ సంస్థ ఫిర్యాదు చేస్తేనే కోర్టు కేసు తీసుకోవాలన్నారు. అంటే వేలు పోయిన వాడికి అడిగే హక్కు లేదు! 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు తప్పుపట్టాక, 2019 సవరణతో వ్యక్తులకు కూడ ఆ దారి తెరిచారు. మరొకడి పేరున ఆధార్ నమోదు చేయించుకొనే వాడికి అందులో శిక్ష మూడేళ్ళు, జుల్మానా పదివేలు.

ఇక పరిహారం సంగతి. మన వివరాలను అజాగ్రత్తగా పోగొట్టిన కంపెనీ నష్టపరిహారం కట్టాలని సమాచార సాంకేతిక చట్టంలో 43ఎ అనే సెక్షను ఉంది. కంపెనీలకే, ప్రభుత్వ శాఖలకు కాదు. 2023లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆ 43ఎ ను తొలగించటానికే ఏర్పాటు చేసింది. దానికి బదులు రెండువందల యాభై కోట్ల దాకా జరిమానా పెట్టింది. వినటానికి పెద్ద మొత్తమే. అది పోయేది కేంద్ర ఖజానాకు. వేలిముద్ర పోయిన వాడికి అందులో పైసా రాదు. తోట మేసిన గొడ్డును బందెలదొడ్డికి తోలి, బందె సొమ్ము సర్కారు పుచ్చుకొని, తోట యజమానిని ఇంటికి పొమ్మన్నట్టుంది.

కనుక మారవలసినవి ఏమిటంటే, శిక్షలు మరో రెండేళ్ళు పెంచటం కన్న ముందు చేయవలసిన పనులు వేరే ఉన్నాయి. గుర్తింపు దొంగతనం కాగితంతో చేసినా, కంప్యూటరుతో చేసినా ఒకటేనని న్యాయ సంహితలోనే రాయాలి. పేరు పోయిన మనిషిని బాధితుడని అందులోనే చెప్పాలి. దర్యాప్తులో అతడి తప్పు లేదని తేలిన నాడే ధ్రువపత్రం ఇచ్చి, దాన్ని చూపితే బ్యాంకు, ఫోను కంపెనీ, రిజిస్ట్రారు తమ పుస్తకాలు దిద్దితీరాలనాలి. చిన్న మొత్తాల కేసులు ఎస్సై దర్యాప్తు చేసేలా 78వ సెక్షను మార్చాలి. ఎస్సైలకు పని భారం ఎక్కువ, శిక్షణ లేదు అంటారు. నిజమే. శిక్షణ ఇవ్వటం అసాధ్యం కాదు. పల్లె మనిషిని రోజూ పట్నం రప్పించటం కన్న అదే తేలిక.

అంతదాకా ఏం చేయాలి

సొమ్ము పోయిందని తెలిసిన మరుక్షణం 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు దారిలో ఆగే అవకాశం అంత ఎక్కువ. ఆ వెంటనే బ్యాంకుకు కాగితం రాసి ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోవాలి. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వులో, బయటివాడు చేసిన మోసాన్ని సమాచారం అందిన మూడు పనిదినాల్లో చెబితే ఖాతాదారుకు నష్టం లేదని ఉంది. పోయిన మొత్తం పది పనిదినాల్లో ఖాతాలో తిరిగి జమ చేయాలనీ, ఖాతాదారుదే తప్పని రుజువు చేయవలసింది బ్యాంకేననీ కూడ ఉంది. 'వేలు నువ్వే పెట్టావు' అనే మేనేజరు ముందు ఈ మాట ధైర్యంగా అనవచ్చు. మోసం చేసింది బ్యాంకు మిత్రే అయితే, అతడి పనులకు పూచీ ఆ బ్యాంకుదే. యంత్రాలు నడిపే వారి పూర్వాపరాలు బ్యాంకులు గట్టిగా పరిశీలించాలని 2025 జూన్‌లో ఇచ్చిన ఉత్తర్వు 2026 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది.

వేలిముద్రకు తాళం వేసుకొనే వీలు ఆధార్ సంస్థ కల్పించింది. 1947కు ఫోను చేసి వివరాలు అడగవచ్చు. అయితే తాళం తీయనిదే పింఛను రోజున, రేషను రోజున వేలు పడదు. తాళం తీయటానికి ఆధార్‌తో జతచేసిన ఫోను కావాలి. ఆ ఫోను చెన్నైలోనో, హైదరాబాదులోనో కూలికి వెళ్ళిన కొడుకు దగ్గర ఉంటుంది. అటువంటి ఇళ్ళవారు మొదట ఫోను నంబరు ఎవరిదో చూసి మార్పించుకొన్నాకే తాళం మాట తలపెట్టాలి. లేకపోతే దొంగ సంగతి దేవుడెరుగు, మన బియ్యం ఆగిపోతాయి.

వలసవెళ్ళే కుర్రాళ్ళు మేస్త్రీకి, ఏజంటుకు ఆధార్ జిరాక్సు ఇచ్చేటప్పుడు దాని మీద అడ్డంగా, ఏ పనికి, ఏ తేదీన ఇచ్చారో రాయాలి. నాలుగు వందలకు ఆశపడి తమ పేరున సిమ్ తీసి ఇవ్వకూడదు. 2023 టెలికాం చట్టంలో మోసంతో, మారుపేరుతో సిమ్ సంపాదించే వాడికి మూడేళ్ళ జైలు, యాభై లక్షల దాకా జుల్మానా ఉన్నాయి. మీ పేరున ఉన్న సిమ్‌తో మరొకడు దొంగతనం చేస్తే పోలీసులు మొదట తట్టేది మీ తలుపే. ఒక మనిషి పేరున మన రాష్ట్రంలో తొమ్మిది సిమ్‌లు దాటకూడదు. మీ పేరున ఎన్ని ఉన్నాయో చూపే ప్రభుత్వ ఏర్పాటు 2021లో మొదట ఆంధ్ర, తెలంగాణాల్లోనే మొదలై, ఇప్పుడు సంచార్ సాథీ పేరున దేశమంతటా నడుస్తోంది. సచివాలయంలోనో, చదువుకొన్న పిల్లల చేతనో ఒకసారి చూపించుకొంటే మీకు తెలియని నంబర్లు కనిపించవచ్చు. అవి మీవి కావని అక్కడికక్కడే నొక్కి చెప్పే వీలు కూడ ఉంది.